ప్యాకెట్లు పలు రకాలు... లోపలి జన్యువు ఒక్కటే!

తొలకరి పడగానే విత్తనాల కొట్ల ముందు రంగురంగుల బోర్డులు వెలుస్తాయి. ఏ కంపెనీ పత్తి కొనాలో తోచక రైతు తల పట్టుకుంటాడు. ఇన్ని కంపెనీలు పోటీ పడితే ధర దిగిరావాలి. బి.టి. పత్తి వచ్చిన కొత్తలో అలా జరగలేదు.

1997-98లో వరంగల్ జిల్లాలో ఎన్ని మందులు కొట్టినా పురుగు చావక, అప్పులు తీరక పత్తి రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. 2002 మార్చిలో కేంద్రం మహికో సంస్థ వారి మూడు బి.టి. హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును పత్తిలో చొప్పించారు. మొక్కను కొరికిన కాయతొలుచు పురుగు చస్తుంది.

ఆ తొలి రకాలు మన రైతుకు అచ్చిరాలేదు. 2005లో రాష్ట్రంలో వాటికి అనుమతి ఆగిపోయింది. ఈలోగా రాశి, నూజివీడు వంటి కంపెనీలు అదే జన్యువును తీసుకుని, రైతుకు అలవాటైన తమ హైబ్రిడ్లలో పెట్టి అమ్మసాగాయి. ఏజెంట్లు ఊరూరా తిరిగారు. కొన్నేళ్లలోనే పత్తి చేలన్నీ దాదాపు బి.టి. అయిపోయాయి. అది పోటీ చేసిన మేలే.

ధర మాత్రం కదల్లేదు. జన్యువుపై హక్కు అప్పట్లో మహికో-మోన్‌శాంటో వారిది. ఎవరు అమ్మినా ప్యాకెట్‌కు ఇంత అని వారికి రాయల్టీ కట్టవలసి వచ్చేది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ తలుపు తట్టాక గాని 750 రూపాయలకు దిగలేదు. ఆ ఏడే వేరే కంపెనీల జన్యువులకూ అనుమతి వచ్చినా అవి నిలదొక్కుకోలేదు. 2016 నుంచి కేంద్రమే ధర నిర్ణయిస్తోంది.

ధర తగ్గినా మరో ముప్పు మిగిలింది. ఎటు చూసినా ఒకే రక్షణ ఉన్న పంట కావడంతో గులాబీ రంగు పురుగు దానికి అలవాటుపడింది. ప్యాకెట్‌తో ఇచ్చిన 120 గ్రాముల మామూలు విత్తనాన్ని చేను చుట్టూ వేసినవారు తక్కువ. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి జన్యువు పనిచేయడం లేదని తేలింది. రెండు జన్యువుల బి.జి.-2 కూడా తరువాత అదే దారి పట్టింది.

కనుక రైతులు ప్యాకెట్ మీది బొమ్మ చూసి మోసపోరాదు. పంటకాలం ఎంతో, తన నేలకు సరిపడుతుందో లేదో అడగాలి. త్వరగా చేతికొచ్చే రకం వేసి, ఏరడం కాగానే మోళ్లు పీకేస్తే మరుసటి పంటకు పురుగు బెడద తగ్గుతుంది.