ఇల్లు కడితే... నూటికి నూట పదిహేను!

ఇల్లు కట్టేవాళ్లందరి దగ్గరా ఓ కాగితం ఉంటుంది. మేస్త్రీయో ఇంజినీరో రాసిచ్చిన ఎస్టిమేట్. పునాదికి ఇంత, గోడలకి ఇంత, స్లాబుకి ఇంత, తలుపులకీ కిటికీలకీ ఇంత... అడుగున మొత్తం, దాని కింద రెండు గీతలు. ముగ్గు పోసిన రోజు ఆ అంకె చూసుకునే బ్యాంకుకెళ్తారు, బంగారం తాకట్టు పెడతారు, ఊళ్లో ఉన్న అరెకరం బేరం పెడతారు. స్లాబు పడేసరికి ఆ కాగితం ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. దొరికినా చూడబుద్ధి కాదు!

ఖర్చు అంచనా దాటిపోవడానికి కారణాలు రెండు. ఒకటి మనమే చేసుకునేది. పూజగది ఇంకో రెండడుగులు పెంచుదామనుకుంటాం, గచ్చు చాలనుకున్నచోట టైల్స్ వేయిస్తాం. రెండోది మన చేతిలో లేనిది... ధరలు. చాలా ఇళ్లలో ఈ రెండూ కలిసిపోతాయి. ‘మేస్త్రీ ముంచేశాడు’ అని ఇంటాయన, ‘సారే రోజుకో మార్పు చెప్పారు’ అని మేస్త్రీ. ఎవరి మాట ఎంతవరకూ నిజమో తేలాలంటే ధరల వాటాని విడదీసి చూపించే కొలబద్ద ఒకటి ఉండాలి. దాని పేరే నిర్మాణ వ్యయ సూచీ.

పేరు చూసి భయపడక్కర్లేదు. చేత్తో వేసుకోగలిగిన లెక్కే ఇది.

బుట్ట మారదు, ధర మారుతుంది

వెయ్యి చదరపు అడుగుల ఇల్లు అనుకుందాం. మేస్త్రీలు నోటిలెక్కగా చెప్పేదాని ప్రకారం సిమెంటు 400 బస్తాలు, ఇనుము 4 టన్నులు పడుతుంది. ఇటుకలు 8 వేలు, ఇసుక 1,600 ఘనపుటడుగులు అనుకుందాం. వీటికి కూలీ కలపాలి. టైల్స్, కరెంటు, పైపులు, రంగులు కాసేపు పక్కన పెడదాం. ఇదీ మన బుట్ట. కింది ధరలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవే తప్ప మార్కెట్ ధరలు కావు.

ముగ్గు పోసిన నాడు బస్తా సిమెంటు రూ.300. అంటే 1,20,000. టన్ను ఇనుము రూ.50 వేల చొప్పున 2,00,000. ఇసుక ఘనపుటడుగు రూ.50 వేసుకుంటే 80,000. ఇటుక పది రూపాయల లెక్కన మరో 80,000. కూలీ 3,20,000. అన్నీ కలిపితే సరిగ్గా 8 లక్షలు. ఈ మొత్తానికి ‘100’ అని పేరు పెడతారు. దీన్నే ఆధార సంవత్సరం అంటారు.

ఏడాదిన్నర గడిచింది. సిమెంటు 330 అయింది. ఇనుము 65 వేలు. ఇసుక 60. ఇటుక పదిదగ్గరే ఆగింది. కూలీ పది శాతం పెరిగింది. బుట్టలో సరుకు ఏమీ మారలేదు, అదే ఇల్లు. మళ్లీ కూడితే 9 లక్షల 20 వేలు. దాన్ని 8 లక్షలతో భాగించి వందతో హెచ్చిస్తే... 115! ఈ ఏడాదిన్నరలో ధరల వల్ల పెరిగింది నూటికి పదిహేను. మీ ఖర్చు 30 శాతం పెరిగిందంటే, అందులో సగం ధరలది. మిగతా సగానికి లెక్క ఇంట్లోనే వెతుక్కోవాలి.

ఇందులో ఓ తమాషా ఉంది. ఇసుక 20 శాతం పెరిగింది, కూలీ పదే పెరిగింది. కానీ మొత్తం మీద ఇసుక తెచ్చిన భారం 16 వేలు, కూలీది 32 వేలు. బుట్టలో కూలీ వాటా 40 శాతం, ఇసుక వాటా పదిశాతమే కాబట్టి. గోల ఎక్కువగా ఇసుక గురించే ఉంటుంది. జేబు ఖాళీ చేసేది మాత్రం నెమ్మదిగా పెరిగే కూలీ. ఇలా ఒక్కోదానికీ ఎంత బరువు ఇవ్వాలో తేల్చడమే సూచీ తయారీలో అసలు పని. పాత బుట్టనే పట్టుకుని కొత్త ధరలతో తూచే ఈ పద్ధతిని 1871లో జర్మన్ ఆర్థికవేత్త లాస్పేర్ చెప్పాడు. నేటికీ చాలా సూచీలకు ఆధారం అదే.

కూలీకి ఒకటి, మేస్త్రీకి ఒకటి

నిర్మాణ రంగంలో బాగా పాతదీ, ఇప్పటికీ నడుస్తున్నదీ ఒకటుంది. అమెరికాలో ‘ఇంజినీరింగ్ న్యూస్-రికార్డ్’ అనే పత్రిక 1921లో మొదలుపెట్టింది. 1913 ధరలను వందగా తీసుకుంది. దాని బుట్ట చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 200 గంటల మామూలు కూలీ, 2,500 పౌన్ల ఉక్కు, టన్నుకు కాస్త ఎక్కువ సిమెంటు, కొంత కలప... అంతే! 20 నగరాల్లో ధరలు సేకరించి సగటు తీస్తారు. ఆ సూచీ 2022లో 13 వేలు దాటింది. అంటే అప్పట్లో వంద డాలర్ల పనికి 2022లో 13 వేల డాలర్లన్నమాట.

1938లో వాళ్లే రెండో సూచీ తెచ్చారు. సరుకులన్నీ అవే. మామూలు కూలీ బదులు తాపీ పని, వడ్రంగం లాంటివి తెలిసిన పనివాళ్ల వేతనం పెట్టారు. రెండూ ఒకే దారిన నడవలేదు. కూలీ సూచీ చాలా పైకెళ్లిపోయింది, పనివాళ్ల సూచీ దానికి బాగా కింద ఉండిపోయింది. బుట్టలో ఒక్క వస్తువు మారిస్తే జవాబే మారిపోతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మన దేశంలో కేంద్ర ప్రజాపనుల శాఖ... అదే సీపీడబ్ల్యూడీ... 1976 నాటి దిల్లీ ధరలను వందగా పెట్టుకుని భవన వ్యయ సూచీ నడిపింది. తర్వాత 1992, 2007 అంటూ ఆధారం మారుస్తూ వచ్చింది. మార్చక తప్పదు. 1976లో ఇళ్లు కట్టిన తీరు వేరు, ఇప్పటి తీరు వేరు. ఎర్ర ఇటుక స్థానంలో ఫ్లైయాష్ ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ వచ్చాయి. టేకు ద్వారబంధాలు పోయి యూపీవీసీ కిటికీలొచ్చాయి. నది ఇసుక దొరక్క రోబో శాండ్ వాడుతున్నారు. బుట్టలో లేని వస్తువు ధర ఎంత పెరిగినా సూచీకి తెలియదు.

తేడా వచ్చేది ఎక్కడంటే...

పెద్ద ప్రభుత్వ కాంట్రాక్టుల్లో సూచీ కాగితం మీద అంకె కాదు, నేరుగా డబ్బు. సీపీడబ్ల్యూడీ ఒప్పందాల్లో ‘10సీసీ’ అనే నిబంధన ఉంటుంది. దీర్ఘకాలం సాగే పనుల్లో ధరలు పెరిగితే కాంట్రాక్టరుకు అదనంగా చెల్లిస్తారు, తగ్గితే కోస్తారు. సరుకులకు టోకు ధరల సూచీని చూస్తారు. కూలీకి మాత్రం ఏ నైపుణ్యమూ లేని వయోజన కూలీకి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనమే ప్రమాణం. తాపీ మేస్త్రీ, రాడ్‌బెండర్, సెంట్రింగ్ పనివాళ్లు అడ్డాలో అడిగే రేటుకీ దీనికీ ఎంత దూరమో ఇల్లు కట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. లెక్క ఎంత పద్ధతిగా ఉన్నా, అందులో వేసే ధర నిజమైనది కాకపోతే ఏం లాభం?

టోకు ధరల సూచీతోనూ ఓ చిక్కుంది. 2011-12 ఆధారంగా తెచ్చిన శ్రేణిలో పరోక్ష పన్నులు కలపరు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా బస్తా రూ.250 అనుకుంటే, అంతకుముందు రూ.320 పడేది, ఆ తర్వాత రూ.295. ఇల్లు కట్టేవాళ్లకి బస్తాకు పాతిక మిగిలింది. టోకు సూచీకి మాత్రం ఆ తగ్గుదల కనపడనే కనపడదు! పన్ను ధరతో పెనవేసుకుపోవడం మనకు కొత్తేం కాదు. 2007-08 కేంద్ర బడ్జెట్‌లో బస్తా రూ.190 దాటని సిమెంటుకు టన్నుకు రూ.350 చొప్పున, దాటితే రూ.600 చొప్పున ఎక్సైజ్ సుంకం వేశారు.

ఇక ఇసుక. దీన్ని సూచీలో ఇరికించడం అన్నిటికన్నా కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఉచిత ఇసుక అన్నారు. 2019 సెప్టెంబరులో కొత్త విధానం వచ్చింది. ఆ ఏడాది ఇసుక కొరతతో ఎక్కడి పనులక్కడ ఆగి, భవన నిర్మాణ కార్మికులు రోడ్డెక్కారు. 2024 జులైలో మళ్లీ ఉచితమన్నారు. ఉచితమంటే ఇసుకకి సున్నా. మరి తవ్వి ఎత్తినందుకు, లారీ కిరాయికి? రేవు పక్క ఊళ్లో ఒక లెక్క, వంద కిలోమీటర్ల అవతల ఇంకో లెక్క. సూచీ రాసేవాళ్లు ఏ ధర వేయాలి? నా మటుకు నాకు, ఇంటి గుమ్మం ముందు ట్రాక్టర్ దించినప్పుడు చేతిలో పెట్టిన డబ్బే ధర. అది తెలియాలంటే జిల్లాకో నాలుగైదు చోట్ల నెలనెలా అడిగి రాసేవాళ్లుండాలి. కొన్ని రాష్ట్రాల్లో ఆర్థిక గణాంక శాఖలు ఇలా సామగ్రి ధరలూ కూలీ రేట్లూ సేకరిస్తున్నాయి. మన ఇంజినీరింగ్ శాఖల దగ్గర ఎస్‌ఎస్‌ఆర్ అనే ప్రామాణిక రేట్ల పట్టిక ఉంది. అది ఒక తేదీన ఖరారు చేసే రేట్ల జాబితా. మధ్యలో మార్కెట్ ఎటు పోయిందో చెప్పడం దాని పని కాదు.

నెలనెలా అని ఎందుకంటున్నామంటే, ఇనుము సంగతి చూడండి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే ఉక్కు ధరలు ఎగిసిపడ్డాయి. మే 22 నుంచి కేంద్రం చాలా రకాల ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసింది, నవంబరులో తీసేసింది. ఏడాదికోసారి చూసే పట్టికలో ఈ ఎగుడుదిగుళ్లన్నీ సగటులో కలిసిపోతాయి. స్లాబు ఏప్రిల్‌లో వేసినవాళ్లకి మాత్రం సగటు ధరకి ఎవరూ ఇనుము ఇవ్వలేదు.

అపార్ట్‌మెంట్ కొనేవాళ్లకి ఇక్కడ ఓ మంచిమాట. రెరా నిబంధనల్లోని నమూనా విక్రయ ఒప్పందం ప్రకారం, ఒకసారి రాసుకున్న ధరను సిమెంటు పెరిగింది, ఇనుము పెరిగింది అని బిల్డర్ పెంచడానికి లేదు. ప్రభుత్వ సంస్థలకు కట్టాల్సిన అభివృద్ధి రుసుముల్లాంటివి పెరిగితేనే మినహాయింపు. అందుకే జాగ్రత్తగల బిల్డర్ రాబోయే పెంపుదలను ముందే ధరలో కలిపేసుకుంటాడు, అది వేరే సంగతి.

మరో మాట. జాతీయ హౌసింగ్ బ్యాంకు 2007లో మొదలుపెట్టిన ‘రెసిడెక్స్’ ఇళ్లు ఎంతకు అమ్ముడవుతున్నాయో చెబుతుంది. కట్టడానికి ఎంతవుతోందో కాదు. రెండూ ఒకటనుకోకండి. స్థలం ధర కలిసిందంటే లెక్క ఎటో వెళ్లిపోతుంది.

లక్షా ఇరవై వేల ఇల్లు

కాంట్రాక్టరుకు 10సీసీ ఉంది, ఫ్లాటు కొన్నవాళ్లకి రెరా ఉంది. ప్రభుత్వ సాయంతో గ్రామంలో ఇల్లు కట్టుకునే పేద కుటుంబానికి ఏముంది?

కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతాల్లో ఇంటికి 2004లో రూ.25 వేలు ఇచ్చేది. 2008లో 35 వేలు, 2010లో 45 వేలు, 2013లో 70 వేలు చేశారు. 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన-గ్రామీణ్‌గా మారినప్పుడు రూ.1.20 లక్షలు అయింది. 12 ఏళ్లలో నాలుగుసార్లు పెంచారు. ఏ సూచీకీ కట్టని పెంపుదలలే, ఎప్పుడు పెంచాలనిపిస్తే అప్పుడు. తర్వాత ఎనిమిదేళ్లు గడిచాయి. కరోనా వచ్చింది, 2022 నాటి ఉక్కు ధరలొచ్చాయి. 2024 ఆగస్టులో మరో రెండు కోట్ల ఇళ్లకు పథకాన్ని పొడిగించినప్పుడు కూడా సాయం అదే... రూ.1.20 లక్షలు!

ఇళ్లూ స్థలాలూ అమ్మేవాళ్ల కోసం ఆదాయపన్ను శాఖ ఏటా ఒక వ్యయ ద్రవ్యోల్బణ సూచీ ప్రకటిస్తుంది. అది నిర్మాణ సూచీ కాదు, సాధారణ ధరల పెరుగుదలలో కొంత భాగాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. అయినా చూద్దాం. 2016-17కి అది 264. 2024-25కి 363. అంటే 37.5 శాతం ఎక్కువ. ఈ లెక్కనైనా లక్షా ఇరవై వేలు లక్షా అరవై అయిదు వేలు కావాలి. పన్ను వేసేటప్పుడు ఒప్పుకున్న ధరల పెరుగుదలను సాయం ఇచ్చేటప్పుడు ఒప్పుకోకపోవడం ఏం న్యాయమో!

రాష్ట్రాలు తమ పథకాలతో ఈ లోటు కొంత పూడుస్తాయి. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు రూ.5 లక్షలు ప్రకటించారు. అదీ స్థిరమైన అంకే. ఈ ఏడాది పునాది వేసినవాళ్లకూ, మూడేళ్ల తర్వాత వేసేవాళ్లకూ అయిదు లక్షలే అయితే ఇద్దరికీ ఒకే ఇల్లు రాదు. రెండోవాళ్ల ఇంటికి ప్లాస్టింగ్ ఉండదు, లేదా అప్పు ఉంటుంది. స్లాబు స్థాయిలో ఆగిపోయిన ఇళ్లు చూస్తే సొంతదారుల మీద నింద వేస్తాం కానీ, అందులో ధరల వాటా ఎంతో ఎవరూ లెక్క తీయరు. ప్రతి మంజూరు పత్రంలో ‘ఫలానా నెల సూచీ ప్రకారం’ అని ఒక్క వాక్యం చేరితే చాలు, ప్రతి విడతా ఆ మేరకు మారుతుంది. అంతకుముందు నమ్మదగిన సూచీ ఒకటి జిల్లా స్థాయిలో ఉండాలి.

మీ ఇంటికి మీరే

అది వచ్చేదాకా మీ ఇంటి సూచీ మీరే రాసుకోవచ్చు. ఎస్టిమేట్ తీసుకునేటప్పుడు రూపాయలు మాత్రమే కాక పరిమాణాలూ రాయించుకోండి. ఎన్ని బస్తాలు, ఎన్ని టన్నులు, ఎన్ని ట్రాక్టర్లు, ఎన్ని ఇటుకలు, చదరపు అడుగుకు కూలీ ఎంత... ప్రతిదాని పక్కనా ఆ రోజు రేటు, పైన తేదీ. ట్రాక్టర్ అంటే ఎన్ని ఘనపుటడుగులో కూడా రాయాలి. ట్రాక్టర్లన్నీ ఒక్కటి కావు! తర్వాత నెలకోసారి అదే దుకాణంలో అవే రేట్లు అడిగి పక్క గడిలో నింపండి. గుత్తకి ఇస్తుంటే ఇనుము, సిమెంటు ఎంత శాతం దాటి పెరిగితే తేడా ఎవరు భరించాలో, తగ్గితే ఎవరికి మిగలాలో సంతకాలకి ముందే మాట్లాడుకోండి. అయిదు శాతం దాకా మేస్త్రీది, ఆపైన ఇంటివాళ్లది అని రాసుకోవచ్చు. సగంసగం అనుకున్నా ఇబ్బంది లేదు. కాగితానికి రెండు ప్రతులు తీయించి, మీదొకటి బీరువాలో దాచండి.