అభిమాని కానుక

సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం, అక్కడికి చేరువనే మొగల్తూరు. నటుడు చిరంజీవి స్వగ్రామం అదే కనుక రాజోలు వారికి ఆయన గోదావరి ఆవలి గట్టు మనిషి.

అభిమాని తన కానుకను సాధారణంగా నటునికే సమర్పిస్తాడు: పూలదండ, కటౌటు, మొదటి ఆటకు టిక్కెట్టు. చిత్రం బాగులేదని సమీక్షకుడు వ్రాసినా అతడు మానడు. సమీక్షలు బహుశా అతని కొరకు వ్రాసేవి కావు! 1998 అక్టోబరు 2న హైదరాబాదులో నెలకొన్న చిరంజీవి రక్తనిధి ఈ కానుకను దారి మళ్ళించి, ముఖమెరుగని రోగికి చేర్చినది.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. అభిమాన నటుని పుట్టినరోజున రక్తదాన శిబిరం జరుపుట పరిపాటి. చిరంజీవి జన్మదినం ఆగస్టు 22. రక్తం అవసరమో, నిత్యం. సేకరించిన రక్తంలోని ఎర్రకణాలు శీతలస్థితిలో 42 రోజులకు మించి నిలువవు. ప్లేట్‌లెట్లు సాధారణంగా అయిదు రోజులే. ఆనాటివి అక్టోబరులో డెంగ్యూ రోగికి అక్కరకు రావు. తీవ్రమైన తలసేమియా గల బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. పైగా ఒకసారి ఇచ్చిన పురుషుడు మూడు నెలలు, స్త్రీ నాలుగు నెలలు ఆగవలెను. అందరూ ఒకేనాడు ఇచ్చిన ఊరిలో నవంబరు వరకు దాతలు కరవే.

అమలాపురం, రాజోలు, కొత్తపేట అభిమానులు నెలకొక ఊరు చొప్పున వంతులు వేసుకొంటే మూడు నెలల విరామం సరిపోతుంది. స్త్రీలు ఒక వంతు విడిచి మరొక వంతుకు రావచ్చును. ప్లేట్‌లెట్లకు ఇదీ చాలదు. పిలిచిన నాడే రాగల దాతల జాబితా వేరే ఉండాలి.