పిల్లల పింఛను పిల్లలదే!

భర్త పోయిన ఇంట్లో పింఛను అనగానే అందరికీ గుర్తొచ్చేది భార్యే. అందులో పిల్లలకీ విడిగా హక్కుంటుందన్న సంగతి మనలో చాలామందికి తెలీదు. తెలీకపోవడం వల్ల ఒక్కోసారి బతుకే ఆగిపోతుంది.

మా లాల్‌దర్వాజాలో ఓ అమ్మాయి ఉంది. ముప్ఫై ఏళ్లు కూడా లేవు. ప్రైవేటు కంపెనీలో పనిచేసే భర్త రెండేళ్ల కిందట పోయాడు. ఇద్దరు పిల్లలు. ఈమధ్య పుట్టింటివాళ్లు మంచి సంబంధం చూశారు. ఆమెకీ ఇష్టమే. అయినా "వద్దక్కా, నేను మళ్ల పెండ్లి చేసుకుంటే పిల్లల పైసలు బందైతయంట. వాళ్ల నోటికాడి బువ్వ నేనెట్ల తీసేస్త?" అంది. ఎవరో బంధువులు చెప్పారట. నిజమేనా అని కనుక్కున్నాను. కానే కాదు!

పి.ఎఫ్. ఉన్న ఉద్యోగులకి 1995 నవంబరు 16 నుంచి పింఛను పథకం ఉంది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు, కుటుంబానికి పింఛను వస్తుంది. భార్యకొచ్చేదానిలో పావు వంతు చొప్పున ఇద్దరు పిల్లలకి అదనంగా ఇస్తారు. ఆడపిల్లయినా మగపిల్లాడైనా 25 ఏళ్లు నిండేదాకా. మూడో బిడ్డ ఉంటే పెద్దబిడ్డ వయసు దాటాక వంతు వస్తుంది.

తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగేది ఆమె పింఛను మాత్రమే. పిల్లలది ఆగదు సరికదా, పెరుగుతుంది! అనాథ పిల్లల లెక్కన ఒక్కొక్కరికి ముప్పావు వంతు ఇస్తారు. 2014లో పెట్టిన కనీస మొత్తాలే చూడండి. తల్లికి నెలకి 1000, ఇద్దరు పిల్లలకి 250 చొప్పున 500, వెరసి 1500 రూపాయలు. పెళ్లయ్యాక పిల్లలిద్దరికీ 750 చొప్పున, అదీ 1500 రూపాయలే. ఇంటికి పైసా తగ్గలేదు కదా!

అయితే పెళ్లి సంగతి దాచకూడదు. దాచి తన పింఛను తీసుకుంటే తర్వాత తిరిగి కట్టాల్సి వస్తుంది. అసలు పింఛనుకే ఇంకా దరఖాస్తు పెట్టనివాళ్లు 10-డి ఫారం నింపి, మరణ ధ్రువపత్రం, పిల్లల పుట్టినతేదీ కాగితాలు, బ్యాంకు ఖాతా వివరాలు జతచేయాలి. మన ఊళ్లో పి.ఎఫ్. ఆఫీసు బర్కత్‌పురాలో ఉంది. మైనరు పిల్లల తరఫున సంరక్షకులుగా ఎవరుండాలో, అందుకు ఏ కాగితాలు కావాలో అక్కడే అడగండి. ప్రభుత్వోద్యోగుల కుటుంబాలకి మాత్రం నిబంధనలు వేరు.

మళ్లీ పెళ్లి చేసుకోవాలా, వద్దా అన్నది ఆడదాని ఇష్టం. చేసుకోనంటే అదీ గౌరవించాల్సిందే. కానీ పిల్లల కూడు పోతుందని లేని భయం పెట్టి ఆపడం న్యాయమేనా? మీ వీధిలోనూ అలాంటి చెల్లెలుంటే ఈ నాలుగు మాటలూ ఆమె చెవిన వేయండి.