అవటు గ్రంథి

పొద్దు గుంకువేళ గోదావరి యొడ్డున మేసిన ఆవులు లక్సెట్టిపేట వీథులలో ఇండ్లకు మరలుచుండును. పచ్చికలోని సారము పాలలోనికి వచ్చును. ఆ పాలను మనము త్రాగుదుము. దూరదేశమున ఒకప్పుడు ఈ దారినే కంటికి కనబడని కీడు నడచినది. అది తెలియుటకు ముందుగా మెడలోని ఒక చిన్న గ్రంథిని ఎరుగవలెను.

శ్వాసనాళమునకు ఇరువైపుల సీతాకోకచిలుక ఆకారమున నుండు దానిని అవటు గ్రంథి యందురు. థైరాయిడ్ అనియు పేరు. ఇది ఆవుకును, గొర్రెకును, కోడికిని కూడ కలదు. ఇది థైరాక్సిన్ అను హార్మోనును నెత్తురులోనికి విడుచును. పిల్లల యెదుగుదల, మెదడు వికాసము, ఒంటి వేడిమి దానిపై ఆధారపడియుండును. థైరాక్సిన్ తయారగుటకు అయోడిన్ కావలెను. పెద్దలకు దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. అది ఆవగింజంత బరువైనను లేదు. అంత స్వల్పమైన దానిని నెత్తురునుండి ఏరి కూర్చుకొనుటలో ఈ గ్రంథికి సాటి లేదు. కాని మామూలు అయోడిన్ ఏదో, కిరణములను వెలువరించు రేడియోధార్మిక అయోడిన్ ఏదో అది ఎరుగదు. రెంటిని ఒకే తీరున చేర్చుకొనును. లోపల చేరిన ఆ అయోడిన్ గ్రంథిలోని కణములను అక్కడనే కాల్చును.

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రమున బికినీ దీవియందు అమెరికావారు ఉదజని బాంబును పరీక్షించిరి. గాలివాటున తెల్లని ధూళి రోంగెలాప్ దీవిపై రాలినది. పిల్లలు దానితో ఆడుకొనిరి! రెండు దినములకు గాని వారిని తరలింపలేదు. ఏండ్లు గడచినకొలది ఆ పిల్లలలో పెక్కుమంది గ్రంథులలో కణుతులు పుట్టినవి. ఇద్దరు బాలురకు గ్రంథి క్షీణించి యెదుగుదల నిలిచెను. కారణము వైద్యులకు సహితము కొంతకాలము అంతుపట్టలేదు. పిమ్మట హార్మోనును మాత్రలుగా నీయగా వారు మరల ఎదుగసాగిరి.

ఇక పాల సంగతి. నాటి సోవియట్ దేశమున, నేటి ఉక్రెయిన్‌లో, చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రము 1986 ఏప్రిల్ 26న ప్రేలినది. అయోడిన్ పచ్చికపై పడెను. సమీపమున మేసిన ఆవుల గ్రంథులు పాడయ్యెను. పిల్లల గ్రంథి చిన్నది. వారు త్రాగు పాలు ఎక్కువ. కనుకనే నాలుగైదేండ్లు తిరుగునప్పటికి అచటి పిల్లలలో అవటు గ్రంథి క్యాన్సరు విరివిగా కనబడసాగెను. ప్రక్కనున్న పోలెండువారు మాత్రము కోటికి మించిన పిల్లలకు వెంటనే మామూలు అయోడిన్ త్రాగించిరి. నిండిన గాదెలో క్రొత్త ధాన్యము పట్టదు గదా!

మన వంటింటి అయోడిన్ ఉప్పు ఇందుకు చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. పెద్దవారి మాత్ర ఒక్కదానిలోని అయోడిన్ కొరకు ఆ ఉప్పు ఆరు కిలోలు తినవలసియుండును. అది గళగండము రాకుండుటకే.

ఈ రేడియోధార్మిక అయోడిన్ 8 దినములకొకసారి సగమగుచుండును. పాలను పొడిగా చేసి మూడు నెలలు నిలువ ఉంచినచో వేయింట నొకవంతైనను మిగులదు. కాని చెర్నోబిల్ చుట్టుపట్ల పల్లెలలో పలువురు, హెచ్చరిక అందకపోవుటచే, ఏ పూట పాలు ఆ పూటనే త్రాగిరి.