పోటీ ట్రాక్టర్లు - ఒకే నాగలి

పిల్లలూ! దుక్కుల రోజుల్లో మీరు ఒక సంగతి గమనించారా? ఒక రైతుకు ఎర్ర ట్రాక్టరు ఉంటుంది. పక్క రైతుకు నీలం ట్రాక్టరు ఉంటుంది. రెండూ వేరువేరు కంపెనీలవి. ఆ కంపెనీలు అమ్మకాల్లో ఒకదానితో ఒకటి పోటీ పడుతుంటాయి. అయినా ఎర్ర ట్రాక్టరుకున్న గొర్రును విప్పి నీలం ట్రాక్టరుకు బిగిస్తే చక్కగా సరిపోతుంది! మరి ఎర్ర ట్రాక్టరు పిస్టన్‌ను తీసి నీలం ట్రాక్టరు ఇంజనులో పెడితే? సాధారణంగా పనికిరాదు. గొర్రు సరిపోయినప్పుడు పిస్టన్ ఎందుకు సరిపోదు?

దీనికి జవాబు తెలియాలంటే ఇద్దరు వ్యక్తుల స్నేహం, ఆ తర్వాత వచ్చిన తగవు గురించి తెలుసుకోవాలి.

మూడు కడ్డీల ఉపాయం

తొలి రోజుల్లో నాగలిని ట్రాక్టరు వెనుక బండిలాగా తగిలించి లాగేవారు. ఇందులో పెద్ద ప్రమాదం ఉండేది. కర్రు ఏ బండరాతికో, చెట్టు వేరుకో తగులుకుంటే నాగలి ఆగిపోయేది. వెనుక చక్రాలు తిరగలేకపోయేవి. ఇంజను శక్తి మాత్రం ఆగదు గదా! చక్రాలను తిప్పలేక ఆ శక్తి ట్రాక్టరునే వెనుక ఇరుసు చుట్టూ తిప్పేది. ముందు చక్రాలు గాలిలోకి లేచేవి. ఒక్కొక్కసారి ట్రాక్టరు తిరగబడి నడిపేవాడి ప్రాణమే పోయేది.

ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ (1884-1960) దీనికి విరుగుడు కనిపెట్టాడు. ఆయన నాగలిని ట్రాక్టరుకు మూడు కడ్డీలతో కలిపాడు. కింద రెండు, పైన ఒకటి. మూడూ కలిసి త్రిభుజంలా ఉంటాయి. మన మెకానిక్కులు పై కడ్డీని 'టాప్ లింక్' అంటారు.

ఇది ఎలా పనిచేస్తుందో మీరే చూడండి. ఒక స్కేలును నిలువుగా ఉంచి, మధ్యలో రెండు వేళ్ళతో వదులుగా పట్టుకోండి. కింది కొనను వెనక్కి నెట్టండి. పై కొన ముందుకు వచ్చింది కదూ? నాగలి విషయంలోనూ అంతే. నేల కర్రును వెనక్కి లాగుతుంది. నాగలి పైభాగం టాప్ లింక్‌ను ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడు ట్రాక్టరు ముందు భాగం పైకి లేవకుండా ఆపుతుంది.

ఫెర్గూసన్ అక్కడితో ఊరుకోలేదు. టాప్ లింక్ దగ్గర ఒక స్ప్రింగు పెట్టాడు. నేల గట్టిగా ఉంటే స్ప్రింగు నొక్కుకుంటుంది. అప్పుడు ఒక వాల్వు తెరుచుకుని, నూనె ఒత్తిడి నాగలిని కొంచెం పైకి ఎత్తుతుంది. దానితో నాగలి బరువు వెనుక చక్రాల మీద పడి, వాటికి నేలపై పట్టు పెరుగుతుంది. ఈ విధంగా తేలికైన ట్రాక్టరు కూడా బరువైన పని చేయగలిగింది.

చేతిలో చెయ్యి

1938 అక్టోబరులో ఫెర్గూసన్ అమెరికా వెళ్ళి, కార్ల తయారీలో ప్రసిద్ధుడైన హెన్రీ ఫోర్డుకు తన ట్రాక్టరును నడిపి చూపించాడు. ఫోర్డు ముచ్చటపడ్డాడు. ఇద్దరూ కాగితం మీద ఏమీ రాసుకోలేదు. చేతిలో చెయ్యి వేసి ఒప్పందం చేసుకున్నారు. 1939లో '9ఎన్' అనే ట్రాక్టరు వచ్చింది.

దీని ఇంజనులో ఒక విశేషం ఉంది. ఫోర్డు కంపెనీ మెర్క్యురీ కారు ఇంజనుకు 8 సిలిండర్లు, 239 ఘనపుటంగుళాల పరిమాణం. 9ఎన్ ఇంజనుకు 4 సిలిండర్లు, సుమారు 120 ఘనపుటంగుళాలు. అంటే కారు ఇంజనులో సరిగ్గా సగం! సిలిండరు వెడల్పు, పిస్టన్ కదిలే దూరం రెండింటిలోనూ ఒకటే. అందుచేత కారు పిస్టన్ ట్రాక్టరులో సరిపోయేది. ఇక్కడ పిస్టన్ సరిపోవడానికి కారణం కొలతలు ఒకటి కావడమే.

ఒకే రూపం, వేరు లోపలి భాగాలు

1946లో ఫోర్డు మనుమడు రెండవ హెన్రీ ఫోర్డు ఆ ఒప్పందాన్ని ముగించాలని నిర్ణయించాడు. 1947లో ఫోర్డు కంపెనీ '8ఎన్' అనే ట్రాక్టరును అమ్మకానికి తెచ్చింది. ఫెర్గూసన్ అప్పటికే, 1946 నుంచి, ఇంగ్లండులోని కోవెంట్రీలో 'టి.ఇ.20' ట్రాక్టర్లు తయారు చేయిస్తున్నాడు. రెండింటినీ పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ముల్లా ఉండేవి. రెండింటికీ ముందుకు పోయే గేర్లు నాలుగే. రెండింటి వెనుకా అవే మూడు కడ్డీలు.

కాని మూత తెరిచి చూస్తే తేడా తెలుస్తుంది. 8ఎన్ ఇంజనులో వాల్వులు సిలిండర్ల పక్కన ఉంటాయి. టి.ఇ.20లో సిలిండర్ల పైన ఉంటాయి. కాబట్టి ఒకదాని ఇంజను తలభాగం రెండవదానికి సరిపోదు. నాగలి మాత్రం ఇద్దరి ట్రాక్టర్లకూ సరిపోతుంది!

తన ఆలోచనను వాడుకున్నారని ఫెర్గూసన్ 1948లో దావా వేశాడు. 1952లో రాజీ కుదిరింది. ఫోర్డు కంపెనీ 92 లక్షల 50 వేల డాలర్లు చెల్లించింది. హైడ్రాలిక్ ఏర్పాటులో కొన్ని భాగాలను మార్చడానికి ఒప్పుకుంది. 1953 నాటి కొత్త ఫోర్డు ట్రాక్టరులో నూనె పంపు చోటు మారిపోయింది. మూడు కడ్డీలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని మార్చి ఉంటే రైతుల దగ్గరున్న పాత నాగళ్ళన్నీ వృథా అయిపోయేవి గదా!

కొలతల మాట

తర్వాత ఇతర కంపెనీలూ ఈ మూడు కడ్డీల పద్ధతినే అనుసరించాయి. అందరికీ ఒకే కొలతలు ఏర్పడ్డాయి. చిన్న ట్రాక్టర్లది ఒకటవ తరగతి. కింది పిన్నుల లావు 22 మి.మీ., పై పిన్ను 19 మి.మీ. అంతకంటె పెద్దవాటిది రెండవ తరగతి. ఇందులో కింది పిన్నులు 28 మి.మీ., పైది 25 మి.మీ. సన్నని పిన్నును పెద్ద రంధ్రంలో పెడితే అది కదిలి అరిగిపోతుంది. అందుకే మధ్యలో బుష్ వేస్తారు.

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు దొరికింది. రెండు వస్తువులు చూడడానికి ఒకే రకంగా ఉన్నంత మాత్రాన ఒకదానికి ఒకటి సరిపోవు. అవి కలిసే చోట కొలతలు ఒకటి కావాలి. పిస్టన్ సిలిండరుతో కలుస్తుంది. సిలిండరు కొలత ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇష్టం. గొర్రు ట్రాక్టరుతో మూడు పిన్నుల దగ్గర కలుస్తుంది. ఆ కొలతలు అందరికీ ఒక్కటే. అందుకే రైతు ట్రాక్టరు మార్చినా, తరగతి అదే అయితే గొర్రు మార్చనక్కరలేదు. పొరుగువాడి దగ్గర ఎరువు తెచ్చుకుని కూడా దున్నుకోవచ్చు.

ఆ ఇద్దరు పోటీదారుల సంతతీ మన దేశానికి వచ్చింది. ఫెర్గూసన్ కంపెనీ 1953లో మాసీ హ్యారిస్‌తో కలిసింది. 1960లో మద్రాసులో ఏర్పడిన 'టాఫె' సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు తయారు చేసింది. 1971లో ఫరీదాబాదు నుంచి ఫోర్డు ట్రాక్టర్లు వెలువడ్డాయి.

ఈసారి మీ ఊళ్ళో ఇంజను ఆపి ఉన్న ట్రాక్టరు కనిపిస్తే, గొర్రు నేల మీద దించి ఉంటేనే, పెద్దల అనుమతితో వెనుకకు వెళ్ళి చూడండి. ఆ మూడు పిన్నుల లావు స్కేలుతో కొలవండి. తర్వాత వేరే కంపెనీ ట్రాక్టరు పిన్నులు కూడా కొలిచి, అవి ఏ తరగతివో మీ నోటు పుస్తకంలో రాసుకోండి.