వెలిగే కత్తికి రూపాయి కాపలా

స్కూలు వార్షికోత్సవాలు దగ్గర పడుతున్నాయంటే చాలు, ఇళ్లల్లో హడావుడి మొదలవుతుంది. కిరీటాలు, జరీ అంచులు, అద్దె డ్రెస్సులు, అట్టముక్కలతో గదలు, విల్లంబులు... ఈమధ్య వీటికి ఇంకో ముచ్చట తోడైంది. స్టేజీ మీద లైట్లు ఆర్పగానే పిల్లల చేతుల్లోని కత్తులు మిలమిలా వెలగాలి! బజారులో రెడీమేడ్‌గా దొరుకుతాయి గానీ, అవి అన్నీ ఒకే సైజు, ఒకే రంగు. ఇంట్లో చేసుకుంటే పాప ఎత్తుకు తగ్గట్టు, డ్రెస్సుకు నప్పేట్టు వస్తుంది. ఖర్చూ తక్కువే. అట్ట కోయడం, రంగు కాగితం అంటించడం మనకు కొత్త కాదు. చిక్కల్లా ఒక్కచోటే. లోపల పెట్టే బుల్లి దీపాలు మాడిపోకుండా ఏ రెసిస్టర్ వేయాలి? చాలామంది ఇక్కడికి రాగానే "ఇదేదో కరెంటు పని, మగవాళ్లు చూసుకుంటారులే" అని పక్కన పెట్టేస్తారు. అక్కర్లేదండీ. ఒక తీసివేత, ఒక భాగహారం వస్తే చాలు.

మేముండేది హన్మకొండలో. ఆరో తరగతి చదివే మా అమ్మాయి పోయినేడాది రుద్రమదేవి వేషం వేసింది. ఓరుగల్లు పిల్లలకు రుద్రమ ఇంటి మనిషే కదా! 13వ శతాబ్దపు రాణి కత్తికి బ్యాటరీ ఎక్కడిదని అడక్కండి. చీకట్లో కత్తి వెలగాల్సిందేనని దాని పట్టు. నేను బీయస్సీ ఎం.పీ.సీ. పెళ్లయ్యాక ఓమ్ సూత్రం సర్టిఫికెట్లతోపాటు ట్రంకుపెట్టెలోకి వెళ్లిపోయింది. కత్తి పుణ్యమా అని దాన్ని మళ్లీ బయటికి తీశాను.

బల్బులాంటిది కాదు

కత్తిలో వాడేది ఎల్ఈడీ. టార్చిలైటులో పాతకాలపు తీగ బల్బు ఉండేది చూడండి, అది వేడెక్కేకొద్దీ దానిలోని తీగే కరెంటును అడ్డుకునేది. సరిపడా సెల్లులు వేస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు. ఎల్ఈడీకి ఆ గుణం లేదు. దానికి కావలసిన ఓల్టేజీ అందేదాకా నిద్రపోతుంది. అందిందా, వెలుగుతుంది. ఆపైన కాస్త ఎక్కువ ఇచ్చినా సరే, కరెంటును ఒక్కసారిగా గుంజేసుకుంటుంది. వేడెక్కితే మరికాస్త లాగుతుంది. చివరికి మాడి ఊరుకుంటుంది.

మేడమీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లను తలుచుకోండి. ట్యాంకు ఎత్తు ఓల్టేజీ అనుకుంటే, పైపులో పారే నీళ్లు కరెంటు. కుళాయి సగం తిప్పి ధార సన్నం చేస్తాం కదా, ఆ పని చేసేదే రెసిస్టర్. ఖరీదు రూపాయో, రెండ్రూపాయలో. అదే లేకపోతే కత్తి స్టేజీ ఎక్కకముందే ఆరిపోవచ్చు.

లెక్క ఇదీ

మూడు సంగతులు తెలియాలి. ఒకటి, మన సెల్లుల మొత్తం ఓల్టేజీ. రెండు, ఎల్ఈడీ తాను వాడుకునే ఓల్టేజీ. మూడు, దానికి మనం ఇవ్వదలచిన కరెంటు.

పెన్సిల్ సెల్లు ఒక్కోటి 1.5 ఓల్టులు. మూడు వరసగా వేస్తే 4.5. ఎల్ఈడీ వాడుకునే ఓల్టేజీ రంగును బట్టి మారుతుంది. ఎరుపు, పసుపు రంగులకు సుమారు 2 ఓల్టులు. తెలుపు, నీలం రంగులకు 3.2 దాకా. ఆకుపచ్చలో రెండు రకాలూ ఉన్నాయి, కొనేటప్పుడే అడగాలి. ఇక కరెంటు. అయిదు మిల్లీమీటర్ల మామూలు ఎల్ఈడీ సాధారణంగా 20 మిల్లీ ఆంపియర్ల వరకూ తట్టుకుంటుంది. తట్టుకుంటుంది కదా అని అంతా ఇవ్వక్కర్లేదు. చీకటి స్టేజీ మీద 10 ఇచ్చినా కళ్లు జిగేలుమంటాయి. సెల్లులూ ఎక్కువసేపు వస్తాయి, దీపమూ చల్లగా ఉంటుంది.

ఇప్పుడు తెల్ల ఎల్ఈడీ సంగతి చూద్దాం. 4.5 లోంచి 3.2 తీసేస్తే మిగిలింది 1.3 ఓల్టులు. ఈ మిగులును రెసిస్టర్ భరించాలన్నమాట. 10 మిల్లీ ఆంపియర్లంటే 0.010 ఆంపియర్. 1.3ని 0.010తో భాగిస్తే 130 ఓమ్‌లు. అదే ఎర్రదైతే 4.5 లోంచి 2 పోగా 2.5. దాన్ని 0.010తో భాగిస్తే 250 ఓమ్‌లు. లెక్క అయిపోయింది!

అయితే షాపుల్లో మామూలుగా ఉండేవి 100, 120, 150, 180, 220, 270, 330, 390, 470 ఇలాంటి అంకెలు. మన లెక్కకు సరిగ్గా సరిపోయేది దొరక్కపోతే పైదే తీసుకోవాలి, కిందిది కాదు. పైది వేస్తే వెలుగు పిసరంత తగ్గుతుంది. కిందిది వేస్తే కరెంటు పెరుగుతుంది. అంచేత తెల్లదానికి 150, ఎర్రదానికి 270. రెండింటికీ వచ్చే కరెంటు 9 మిల్లీ ఆంపియర్లకు అటూ ఇటూ. సెల్లులు కొత్తవి అయితే ఒక్కోటి 1.6 ఓల్టుల దాకా చూపిస్తుంది. అప్పుడు కూడా తెల్లదానికి 11 దాటదు. భయం లేదు.

రెసిస్టర్ వేడి సంగతి కూడా ఒకమాట. మిగులు ఓల్టేజీని కరెంటుతో గుణిస్తే అది భరించే పవర్ వస్తుంది. మన కత్తిలో అది వాటులో నలభయ్యో వంతు కూడా ఉండదు. పావు వాటు రెసిస్టర్ నిక్షేపంగా సరిపోతుంది.

ఎవరి రెసిస్టర్ వారిదే

"ఆరు దీపాలకూ కలిపి ఒకటే వేస్తే పోలా?" అని మా అమ్మాయే అడిగింది. సబబైన ప్రశ్నే. ఒకే పెట్టెలోంచి తీసిన ఎల్ఈడీలు కూడా అచ్చు ఒక్కలా ఉండవు. ఒకటి 3.0 దగ్గర వెలిగితే ఇంకోటి 3.2 దగ్గర వెలుగుతుంది. అందరికీ కలిపి ఒకే రెసిస్టర్ పెడితే తక్కువలో వెలిగేదే ఎక్కువ కరెంటు తినేస్తుంది. ముందు అది పోతుంది. దాని వాటా మిగతావాటి మీద పడుతుంది. ఇక ఎరుపునూ తెలుపునూ కలిపి కట్టారా, ఎర్రది ఒక్కటే వెలుగుతుంది, తెల్లవి మొహం చాటేస్తాయి. ఎందుకంటే ఎర్రది ఓల్టేజీని 2 దగ్గరే పట్టేస్తుంది, తెల్లవాటికి 3 అందదు.

అంచేత ఒక్కో ఎల్ఈడీకి ఒక్కో రెసిస్టర్. మా కత్తికి అలుగు పొడవునా మూడేసి అంగుళాల ఎడంతో ఆరు తెల్లవి, పిడి దగ్గర రాళ్లు పొదిగినట్టు రెండు ఎర్రవి పెట్టాం. అంటే 150 ఓమ్‌లవి ఆరు, 270వి రెండు. ఎనిమిదీ కలిపి లాగేది 70 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు. మంచి ఆల్కలైన్ సెల్లులైతే రిహార్సల్సుకూ, అసలు రోజుకూ కలిపి ఒకే సెట్టు సరిపోతుంది.

తొమ్మిది ఓల్టుల చదరపు బ్యాటరీ ఇంట్లో ఉంటే ఇంకో దారి ఉంది. పండగలకు వేసే సీరియల్ లైట్లలా ఒకదాని వెనక ఒకటి కలపాలి. మూడు ఎర్రవి వరసగా కలిపితే వాడుకునేది 6 ఓల్టులు, మిగిలింది 3, వేయాల్సింది 330 ఓమ్‌లు. తెల్లవైతే రెండే కలపాలి. మూడు కలిపితే 9.6 కావాలి, ఆ బ్యాటరీ అంత ఇవ్వలేదు. రెండింటికి 6.4 పోగా 2.6 మిగులుతుంది, 270 ఓమ్‌లు వేయండి. చిక్కేమిటంటే సీరియల్ లైట్లలాగే ఒకటి పోతే ఆ వరసంతా ఆరిపోతుంది. పైగా ఆ బ్యాటరీ పెన్సిల్ సెల్లులంత సేపు రాదు.

కౌంటర్ దగ్గర

సామాను కోసం షాపుకెళ్లాను, పాప కూడా వెంట ఉంది. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి "ఏం కావాలో మీకు తెలీదులే మేడమ్, సార్‌ని పంపండి" అన్నాడు. పాప నా మొహంలోకి చూసింది. నేను చీటీ తీసి, "పావు వాటు, 150 ఓమ్‌లు పది, 270 నాలుగు. అయిదు ఎం.ఎం. తెల్లవి ఎనిమిది, ఎర్రవి నాలుగు. మూడు పెన్సిల్ సెల్లుల హోల్డర్, స్విచ్చు" అని చదివాను. మారు మాట్లాడకుండా తీసిచ్చాడు. ఒకటీ అరా పోతాయని అన్నీ కాస్త ఎక్కువే కొన్నాను.

ఇంటికొచ్చాక రంగులు చూసి సరిచూసుకోండి. నాలుగు గీతల రెసిస్టర్ మీద బంగారు రంగు గీత కుడిచేతి వైపు ఉండేట్టు పట్టుకోవాలి. 150 అయితే గోధుమ, ఆకుపచ్చ, గోధుమ. 270 అయితే ఎరుపు, ఊదా, గోధుమ. 330 అయితే నారింజ, నారింజ, గోధుమ. అయిదు గీతలుంటే చదివే పద్ధతి వేరు, షాపులోనే విలువ రాయించుకోండి. హైదరాబాద్ వాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. ఊళ్లలో టీవీ రిపేరు షాపుల్ని అడగొచ్చు.

ఎల్ఈడీకి పొడుగు కాలు ప్లస్సు, పొట్టి కాలు మైనస్సు. తిరగేస్తే వెలగదు. రెసిస్టర్‌కు మాత్రం అటూ ఇటూ తేడా లేదు. పొడుగు కాలికి కట్టినా, పొట్టి కాలికి కట్టినా ఫలితం ఒక్కటే. అన్నీ అంటించేశాక కాదు, ఒక్కోటి కలపగానే వెలిగించి చూసుకోండి. దీపాల మీద బటర్ పేపరు చుడితే చుక్కలు చుక్కలుగా కాకుండా అలుగంతా ఒకే వెలుగులా కనిపిస్తుంది.

పిల్లల చేతికిచ్చే ముందు

బొత్తాం సెల్లుతో రెసిస్టర్ లేకుండానే వెలిగే బొమ్మలు చూసే ఉంటారు. ఆ సెల్లు లోపలి నిరోధమే కరెంటును కట్టేస్తుంది కాబట్టి సరిపోతోంది. కానీ ఆ దారి మనకొద్దు. చిన్న పిల్లలు నాణెం ఆకారపు లిథియం సెల్లు మింగితే, రెండు గంటల్లోనే గొంతు లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. ఇంట్లో చంటిపిల్లలుంటే ఆ సెల్లులున్న బొమ్మలకు మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. మింగారని అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. పాత ల్యాప్‌టాప్‌ల లోంచి తీసిన విడి లిథియం సెల్లులు కూడా వాడొద్దు. వైర్లు తగులుకుంటే అంటుకుంటాయి.

కత్తిని స్టేప్లర్‌తో కుట్టొద్దు. పిన్ను రెండు వైర్లనూ కలిపేస్తే సెల్లులు కాలిపోతాయి. టేపో, గమ్మో వాడండి. అతుకులన్నిటికీ ఇన్సులేషన్ టేపు చుట్టాలి. సోల్డరింగ్ పెద్దవాళ్లే చేయాలి, కిటికీ తెరిచి. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కత్తి మొన గుండ్రంగా ఉండాలి. ప్రోగ్రాం అయిపోగానే సెల్లులు తీసేయండి. లోపలే ఉంచేస్తే కారి, హోల్డర్ తుప్పు పడుతుంది.

ఈ లెక్క కత్తితోనే ఆగదు. మా అత్తయ్య మొదట్లో "ఆడపిల్లకు ఈ తీగల గొడవెందుకమ్మా" అన్నారు. ఈ దసరాకు బొమ్మల కొలువులో గుడి గోపురం మీద దీపాలు కావాలన్నారు. ఆ పని మా అమ్మాయిదే. "రంగు ఏదో చెప్పు నానమ్మా, రెసిస్టర్ నేను చెప్తా" అని కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంది.