తాలీమ్ సరే, తర్బియత్ మాటేమిటి?

తాలీమ్, తర్బియత్ - ఉర్దూలో ఈ రెండు మాటలూ జంటగా వినిపిస్తాయి. మొదటిది చదువు. రెండోది పెంపకం, నడవడి దిద్దడం. పిల్లవాణ్ణి బడిలో వేసే రోజున మన పెద్దలు ఈ రెండూ కావాలనే కోరుకుంటారు. తీరా పరీక్షలు అయ్యాక "మావాడికి ఎన్ని మార్కులు వచ్చాయండీ?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటారు. మావాడు పక్క పిల్లలతో ఎలా ఉంటున్నాడు, కోపం వస్తే ఏం చేస్తున్నాడు, ఎవరైనా ఏడుస్తుంటే దగ్గరకు వెళ్తున్నాడా అని అడిగిన తల్లిదండ్రులు దాదాపు ముప్పై ఏళ్ళ మా ఉద్యోగంలో చాలా తక్కువ. వాళ్ళను అనడం ఎందుకు? ఆ ప్రశ్నలు చాలాకాలం మేమూ వేసుకోలేదు. వేసుకునేలా చేసిన సంఘటన ఒకటి ఇక్కడ చెప్పాలి.

బోర్డు మీద పేరు

పదిహేనేళ్ళ కిందటి మాట. కోనసీమలో ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాం. రెండు గదులు, అయిదు తరగతులు. మదరసాలో చదువుకుని వచ్చినవాళ్ళం కాబట్టి క్రమశిక్షణ అంటే మాకు పట్టింపు ఎక్కువ. అయిదో తరగతిలో గొంతు పెద్దదిగా ఉన్న కుర్రవాణ్ణి చూసి లీడరుగా పెట్టాం. మేము రిజిస్టర్లు రాసుకునేటప్పుడు, మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం వాడి పని. ఈ పద్ధతి మీకు తెలియనిది కాదు. మీలో చాలామంది పేర్లు ఏదో ఒక రోజున ఆ బోర్డు ఎక్కే ఉంటాయి.

ఒక వారమంతా మూడో తరగతి పాప పేరు బోర్డు మీద కనిపించింది. రోజూ నిలబెట్టాం. ఎందుకు మాట్లాడావని గద్దించాం. తల వంచుకుని నిలబడింది తప్ప జవాబు చెప్పలేదు. మొండితనం అనుకున్నాం. శనివారం సాయంత్రం ఆ పాప నానీ బడికి వచ్చింది.

"మౌల్సాబ్, దానమ్మ కువైట్ వెళ్ళి నెల దాటిందండి. అప్పట్నుంచీ ఇంట్లో పిల్ల నోరు విప్పట్లేదు. నాతో కూడా మాట్లాడట్లేదండి. బళ్ళో ఎక్కువ మాట్లాడుతోందని మీరు నిలబెట్టారని పక్కింటి పిల్లలు చెప్పారు. బళ్ళోనైనా మాట్లాడుతోంది, అదే చాలు అనుకుని మిమ్మల్ని అడిగి పోదామని వచ్చానండి. నిజంగా మాట్లాడుతోందా?"

మా దగ్గర జవాబు లేదు. వారం రోజులు ఆ పాపను నిలబెట్టాం గానీ, ఆ గొంతు మేమూ వినలేదని అప్పుడే తెలిసింది.

సోమవారం లీడరును పక్కకు పిలిచి అడిగాం. వాడు దాచలేదు. "మిగతావాళ్ళ పేర్లు రాస్తే బయటికెళ్ళాక కొడతారండి. ఆ పిల్ల పేరు రాస్తే ఏమీ అనదండి" అన్నాడు. రోజూ కొన్ని పేర్లు చూపించకపోతే మేము వాడినే కోప్పడేవాళ్ళం. అందుకని ఎదురు చెప్పలేని పేరు వెతుక్కున్నాడు. వాణ్ణి తిట్టడానికి మాకు నోరు రాలేదు. గొంతు పెద్దదైనవాడే నాయకుడని వాడికి నేర్పింది మేమే.

పేరు కొత్తది, పని పాతది

పిల్లలకు ఇలాంటి విషయాలు నేర్పడాన్ని విద్యావేత్తలు ఇప్పుడు సామాజిక, భావోద్వేగ శిక్షణ అంటున్నారు. 1994లో అమెరికాలో ఏర్పడిన కాసెల్ అనే సంస్థ దీన్ని అయిదు భాగాలుగా చెబుతోంది. తన మనసులో ఏముందో తాను గుర్తించడం ఒకటి. కోపాన్ని, భయాన్ని అదుపులో పెట్టుకోవడం రెండు. ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం మూడు. నలుగురితో కలిసి పనిచేయడం, తగవు వస్తే తీర్చుకోవడం నాలుగు. మంచిచెడ్డలు ఆలోచించి నిర్ణయం తీసుకోవడం అయిదు. నాయకత్వమంటే ఈ అయిదింటి మీదా నిలబడేదే. మా లీడరుకు మేము వీటిలో ఒక్కటీ నేర్పకుండానే చేతికి సుద్దముక్క ఇచ్చాం.

వీటి వెంట పడితే మార్కులు తగ్గుతాయేమోనని కొందరికి భయం. అమెరికా పరిశోధకులు 2011లో 213 శిక్షణ కార్యక్రమాల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. అందులో ఉన్న విద్యార్థులు 2,70,034 మంది. శిక్షణ పొందిన పిల్లలు చదువులో సగటున 11 పర్సెంటైల్ పాయింట్లు ముందున్నారు. అంటే వందమందిలో సరిగ్గా మధ్యన ఉండే పిల్లవాడు అరవై ఒకటో మెట్టు దగ్గరకు చేరతాడన్నమాట. మన దేశంలో 2018 జులైలో ఢిల్లీ ప్రభుత్వం తన బడుల్లో ఇందుకోసం రోజూ ఒక పీరియడు కేటాయించింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా చదువు బుద్ధికి మాత్రమే కాదు, నడవడికీ మనసుకూ సంబంధించినదని చెప్పింది.

అయితే చిన్నవాళ్ళ బాధ్యత పెద్ద పిల్లలకు అప్పగించడం మన నేలకు కొత్త కాదు. 1789లో మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమ పాఠశాల బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్ అనే మత గురువు, మన వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశారు. తన బడిలోనూ ఇసుక పోయించి, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్ళకు చెప్పించారు. ఆ పద్ధతి మద్రాసు పద్ధతి అనే పేరుతో ఇంగ్లండు దాకా వెళ్ళింది. మా మదరసాలో తక్రార్ ఉండేది. ఉస్తాద్ చెప్పిన పాఠాన్ని రాత్రిపూట ఒక విద్యార్థి మిగతావారికి తిరిగి చెప్పేవాడు. అర్థం కానివాడి దగ్గర మళ్ళీ మళ్ళీ ఆగేవాడు. ఆ ఓపిక ఉన్నవాడినే మేమందరం పెద్దవాడిగా చూసేవాళ్ళం.

పాతదంతా మంచిదేనని మేము అనడం లేదు. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ అక్కడి వీధిబడుల గురించి ప్రభుత్వానికి నివేదిక పంపారు. ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు ఒక్కొక్కటిగా పెరిగేవట. ఆ బడుల నుంచి తోటివాడికి చెప్పే అలవాటు తీసుకుందాం. బెత్తాన్ని అక్కడే వదిలేద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించి వేధించడాన్ని కూడా నిషేధించింది. బోర్డు మీద పేరు రాసి వారమంతా నిలబెట్టడం ఆ రెండో దాని కిందికే వస్తుందని మేము ఒప్పుకుంటున్నాం.

అన్నం దగ్గర పాఠం

బోర్డు మీద పేర్లు ఆ రోజే తుడిచేశాం. ఒక్క లీడరు బదులు ఏడెనిమిది పనులు పెట్టాం. మంచినీళ్ళ దగ్గర ఒకరు, ఒకటో తరగతి పిల్లలకు పలకలు అందించడానికి ఒకరు, అన్నం వడ్డించడానికి ఇద్దరు, ఇలా. వారం మారితే పనీ మారుతుంది. ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ వంతు వస్తుంది. గొంతు చిన్నదైనా సరే.

ఆ పాపకు ఇచ్చిన పని, బడికి రానివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కనుక్కుని రావడం. తోడుగా అయిదో తరగతి అమ్మాయిని పంపేవాళ్ళం. మొదట్లో ఆ అమ్మాయే మాట్లాడేది, ఈ పాప వెనక నిలబడేది. ఒక రోజు ఒకటో తరగతి బాబు రాలేదు. ఇద్దరూ వెళ్ళి వచ్చారు. ఈ పాప నేరుగా మా బల్ల దగ్గరకు వచ్చి, "జొరమంటండి. సోమారం వస్తాడంటండి" అంది. ఆ పిల్ల గొంతు మేము వినడం అదే మొదలు. ఆ తర్వాత కూడా గలగలా మాట్లాడే పిల్ల కాలేదు. కానీ నోరు విప్పింది. తనలాగే మాట రాక కూర్చున్నవాళ్ళను మాకంటే ముందు గుర్తుపట్టేది.

పాత లీడరు చేతికి గరిటె ఇచ్చాం. మన రాష్ట్రంలో 2003 నుంచి బడిలో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఒకే ఒక్క నియమం చెప్పాం: వడ్డించినవాళ్ళు అందరి తర్వాత తినాలి. మొదటి రోజు వాడు స్నేహితుల కంచాల్లో కూర గుమ్మరించాడు, చివరి వరసకు చారే మిగిలింది. చివరికి వాడు తిన్నదీ చారన్నమే. రెండో రోజు నుంచి గిన్నెలోకి చూసి, ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి వడ్డించాడు. మేము ఒక్క మాట కూడా చెప్పలేదు.

అన్నం వడ్డించడం కోనసీమవారికి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. వైనతేయ గోదావరి ఒడ్డున లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూసేదాకా దారిన పోయేవారికి వేళ చూడకుండా, ఎవరు ఏమిటని చూడకుండా అన్నం పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆమె పేరు పలికే పంక్తిలో ఒక పిల్లవాడు పక్కవాడి కంచం చూసి ముఖం తిప్పుకుంటే, మన బడి చెప్పాల్సిన పాఠం ఇంకా మిగిలి ఉన్నట్టే.

శనివారం ఆఖరి పీరియడులో పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టేవాళ్ళం. ఈ వారం ఎవరి మీద కోపం వచ్చింది, ఎందుకు వచ్చింది, ఏం చేశావు - ఈ మూడు ప్రశ్నలే. ఎవరినీ మధ్యలో ఆపకూడదు, ఎవరూ నవ్వకూడదు. చెప్పడం ఇష్టం లేనివాళ్ళు ఊరుకోవచ్చు. మొదటి నెలలో అందరూ పక్కవాడి తప్పే చెప్పారు. తర్వాత్తర్వాత "నేనే ముందు గిల్లానండి" అన్న మాట వినిపించడం మొదలైంది.

కోపం పెద్దదైతే

ఇవన్నీ చిన్న విషయాలని అనిపించవచ్చు. 2022 మే 24న అమలాపురంలో జరిగింది గుర్తు చేసుకోండి. కొత్త జిల్లాకు అంబేద్కర్ గారి పేరు పెట్టడం మీద మొదలైన ఆందోళన మంటలుగా మారింది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు కాలిపోయాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. అదే ఏడాది ఆగస్టులో ఆ పేరే ఖరారైంది. ఆ గుంపులో కుర్రవాళ్ళు ఉన్నారు. వాళ్ళూ ఒకప్పుడు ఏదో ఒక బడిలో పలక పట్టుకున్నవాళ్ళే. గుంపు కేక వేసినప్పుడు ఒక్క క్షణం ఆగి, నేను చేస్తున్నది ఏమిటి అని ఆలోచించే అలవాటు పద్దెనిమిదేళ్ళ వయసులో కొత్తగా రాదు. ఎనిమిదేళ్ళప్పుడే వేళ్ళూనుకోవాలి. కొబ్బరిమొక్క నాటిన రోజే కాయ ఆశించం. అలాగని మొక్కప్పుడు నీళ్ళు మానేసి, చెట్టయ్యాక కాయలేదని నిందించం కదా!

మన ఇళ్ళ సంగతి

బడి ఒక్కటే ఈ పని చేయలేదు. రాజోలు, మలికిపురం వైపు, అమలాపురం చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో తల్లో తండ్రో గల్ఫ్‌లో ఉన్నారు. మన ముస్లిం కుటుంబాలూ అందుకు మినహాయింపు కాదు. పిల్లలు నానీ దగ్గర, దాదీ దగ్గర పెరుగుతున్నారు. అక్కడి నుంచి డబ్బు వస్తుంది, బట్టలు వస్తాయి, ఇప్పుడు ఫోనులో ముఖమూ కనిపిస్తుంది. కానీ ఫోను చేసినప్పుడల్లా "బాగా చదువుతున్నావా? నానీ మాట వింటున్నావా?" అనే అడిగితే, పిల్ల "ఊఁ" అని ఊరుకుంటుంది. "ఇవాళ నీకు ఏం బాగుంది? ఏం బాగాలేదు?" అని అడిగి చూడండి. జవాబు వచ్చేదాకా ఆగండి.

ఇంట్లో కొడుకుకు పెత్తనం, కూతురికి పని అప్పగించే అలవాటు మార్చుకుందాం. అబ్బాయి కూడా కంచాలు తీయాలి. అమ్మాయి కూడా ఇంటి విషయంలో తన మాట చెప్పాలి. పెద్దవాళ్ళం తప్పు చేస్తే పిల్లల ముందు ఒప్పుకుందాం. మేము ఆ పాపకు, తరగతి అందరి ముందూ, "నిన్ను నిలబెట్టడం మా తప్పు" అని చెప్పాం. ఉస్తాద్ పరువు పోతుందని మొదట సంకోచించాం. ఏమీ పోలేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వచ్చి తమ తప్పులు చెప్పుకున్నారు.

ఇంకొక్క మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది స్త్రీలు. 2024 డిసెంబరులో మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నింటిలో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు కూడా జరిగాయి. ఇలాంటి చోటికి మన ఇళ్ళ నుంచి వెళ్ళేవారు ఎందరు? వెళ్ళినా వెనక వరసలో కూర్చుని సంతకం పెట్టి వచ్చేయకండి. తల్లులు ముందుకు వచ్చి కూర్చోండి. మార్కులు ఎలాగూ కార్డు మీద ఉంటాయి. మాష్టార్ని, పంతులమ్మను వేరే ప్రశ్న అడగండి. ఆ నానీ మమ్మల్ని అడిగిన ప్రశ్నే.

"మా పిల్ల ఇక్కడ మాట్లాడుతోందా అండి?"